వేషం విప్పాక ఆయన ఎవరు?

1987లో మా బరంపురంలో మా వీధి మొత్తానికి రెండే టీవీలు ఉండేవి. ఒకటి రైల్వేలో పనిచేసే ఒడియా పెద్దమనిషి ఇంట్లో, రెండోది మా చిన్నాన్నగారింట్లో. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు రామాయణం మొదలయ్యే వేళకి ఆ రెండు గుమ్మాల ముందు చెప్పుల గుట్టలు చూసి, కొత్తగా వచ్చినవాళ్ళు పెళ్ళేమో అనుకునేవారు. మా మామ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, టీవీ పెట్టెకు బొట్టు పెట్టి మరీ కూర్చునేది. ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు. "కథ నాకు తెలుసు కదరా, భాషతో పనేముంది?" అనేది.

ఆ రోజులు మన పత్రిక పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటాయి. రామానంద్ సాగర్ తీసిన ఆ ధారావాహిక 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా 78 భాగాలుగా దూరదర్శన్‌లో వచ్చింది. గుజరాత్‌లోని ఉంబర్‌గావ్‌లో చిత్రీకరించారు. రాముడుగా అరుణ్ గోవిల్, సీతగా దీపికా చిఖలియా, రావణుడుగా అరవింద్ త్రివేది, హనుమంతుడుగా దారా సింగ్. ఈ నలుగురి పేర్లూ ఉత్తరాదిన ఎంత తెలుసో, హిందీ సరిగా రాని మన తెలుగిళ్ళలోనూ అంతే తెలుసు.

అయితే నేను చెప్పబోయేది ధారావాహిక గురించి కాదు. దాన్ని చూసి మనం చేసుకున్న వాదనల గురించి. ఆ వాదనల్లో ఒకటి మా ఇంట్లో అన్నదమ్ములను ఎనిమిది నెలలు మాట్లాడుకోకుండా చేసింది కనుక, దాని సంగతి నాకు బాగా తెలుసు.

మా చిన్నాన్న అరుణ్ గోవిల్ అంటే ప్రాణం పెట్టేవారు. "ఆ ముఖం చూడండి, ఆ చిరునవ్వు చూడండి. లోపల ఆ గుణం లేనిదే బయటికి వస్తుందా? అతను నిజంగానే అటువంటి మనిషి" అనేవారు. బజార్లో అమ్ముతున్న గోవిల్ రాముడి ఫొటో ఒకటి కొని, పటం కట్టించి, దేవుడి గదిలో పెట్టారు. మా నాన్నగారికి ఇది మింగుడుపడలేదు. ఆయన దృష్టిలో రాముడంటే రామారావే. 1963లో వచ్చిన 'లవకుశ'ను ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్క లేదు. "సినిమా వాళ్ళ ఫొటో దేవుడి గదిలో పెడతావా? రేపు అతను ఏ వేషం వేస్తాడో నీకు తెలుసా?" అని తమ్ముడి మీద విరుచుకుపడ్డారు.

అప్పుడు మా మామ్మ చాలా నెమ్మదిగా అంది: "ముందు నీ దేవుడి గదిలో కృష్ణుడి క్యాలెండరు ఎవరిదో చూసి రారా."

బట్టల కొట్టువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన ఆ క్యాలెండరులో నెమలి పింఛంతో నవ్వుతున్నది రామారావుగారే. ఏళ్ళ తరబడి మా నాన్నగారు రోజూ హారతి ఇస్తున్నది ఆయనకే! అందరూ నవ్వారు. నాన్నగారు మాత్రం నవ్వలేదు. చిన్నాన్న గట్టిగా నవ్వారు. తగువు అక్కడ ముదిరింది.

కొన్నాళ్ళకు అసలు దెబ్బ చిన్నాన్నకే తగిలింది. 1979లో వచ్చిన 'సావన్ కో ఆనే దో' అనే హిందీ సినిమాలో గోవిల్ కథానాయకుడు. ఎవరో వీడియో క్యాసెట్టు తెస్తే చిన్నాన్న ఆశగా చూడబోయారు. తీరా చూస్తే ఆయన రాముడు మామూలు బట్టల్లో కథానాయికతో ప్రేమ పాటలు పాడుతున్నాడు! సగంలో లేచి వెళ్ళిపోయారు. మర్నాటికి దేవుడి గదిలో పటం లేదు. పారేశారా అంటే అదీ లేదు, ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పెట్టారు. రామాయణం కంటే ఎనిమిదేళ్ళ ముందు వచ్చిన సినిమా అది. పాపం, గోవిల్ చేసిన తప్పేముంది? కానీ మోసపోయినట్టు బాధపడిన మనిషికి తేదీలు చూపించి ఏం లాభం?

నేను అప్పుడు బి.కాం. మొదటి సంవత్సరం చదువుతున్నాను. తర్వాత బ్యాంకులో చేరాను. ఎక్కడికి బదిలీ అయినా భోజనాల బల్ల దగ్గర ఇదే చర్చ వినపడేది. బి.ఆర్. చోప్రా మహాభారతం 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 దాకా వచ్చింది కదా. "కృష్ణుడు వేసిన నితీశ్ భరద్వాజ్ చదివింది పశువైద్యం, గోపాలుడికి తగ్గ చదువే" అని ఒకరు. "చదువుకూ వేషానికీ సంబంధమేమిటండీ, అదంతా మేకప్పు మహిమ" అని ఇంకొకరు. "కాదు, ఏడాదిన్నర పాటు ధర్మం మాట్లాడితే ఎవరికైనా కొంత వంటబడుతుంది" అని మూడో ఆయన. ఎక్కడ విన్నా ఈ మూడు వాదనలే: మనిషి అటువంటివాడే కనుక వేషం కుదిరింది, మనిషికీ వేషానికీ సంబంధం లేదు, వేషమే మనిషిని మారుస్తుంది.

మూడింటికీ సాక్ష్యాలు ఆ నటుల మాటల్లోనే దొరుకుతాయి. ముందు మా చిన్నాన్న మెచ్చుకున్న చిరునవ్వు సంగతి. మొదటి మేకప్ పరీక్షల్లో తాను రాముడిలా కనిపించలేదనీ, ఆ సన్నని చిరునవ్వు చేర్చాకే రూపం కుదిరిందనీ గోవిల్ స్వయంగా చెప్పారు. అంటే అది పుట్టుకతో వచ్చిన దైవత్వం కాదు, పనివాడు ఆలోచించి చేసిన పని.

రెండోది అరవింద్ త్రివేది సంగతి. గుజరాతీ నాటకరంగం నుంచి వచ్చిన ఆయన రామభక్తుడు. ఆయన నవ్వితే పిల్లలు జడుసుకునేవారు. అటువంటి రావణుడు ఇంట్లో రాముణ్ణి కొలిచే మనిషి. మనిషి ఎటువంటివాడో వేషమూ అటువంటిదే అయితే ఈ లెక్క ఎలా కుదురుతుంది? మన ఎస్.వి. రంగారావుగారి రావణుణ్ణి, కీచకుణ్ణి చూసినవాళ్ళకు దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. అంతెందుకు, మా నాన్నగారి రాముడైన రామారావుగారే 1958లో 'భూకైలాస్'లోనూ, 1961లో 'సీతారామ కల్యాణం'లోనూ రావణ వేషం కట్టారు.

మూడోది సిగరెట్టు కథ. గోవిల్‌కు ఒకప్పుడు ధూమపానం అలవాటుండేదట. దక్షిణాదిన ఒక సినిమా షూటింగులో భోజన విరామంలో చాటుగా సిగరెట్టు కాలుస్తుంటే, ఎవరో ఒకాయన వచ్చి కోపంగా ఏదో అని వెళ్ళిపోయాడు. భాష అర్థంకాక పక్కవాళ్ళను అడిగితే, "మేము మిమ్మల్ని రాముడనుకుంటుంటే మీరిక్కడ కూర్చుని సిగరెట్టు కాలుస్తారా?" అన్నాడని చెప్పారట. ఆ తర్వాత సిగరెట్టు మానేశానని గోవిల్ చెప్పుకున్నారు. దాంతోపాటు ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. రామాయణం తర్వాత మామూలు సినిమా వేషాలు తనకు రావడం తగ్గిపోయిందని. జనం పెట్టిన దండాలకు ఆ కుటుంబం చెల్లించిన ఖరీదు అది. దండం పెట్టిన మనకు ఆ ఖరీదు కనపడలేదు.

ఇక్కడ మా గంజాం జిల్లా పల్లెల్లో ఆడే ప్రహ్లాద నాటకం గురించి రెండు మాటలు చెప్పాలి. 19వ శతాబ్దంలో జలంతర రాజాస్థానంలో పుట్టిన నాటకం ఇది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు రాత్రంతా ఎక్కి దిగుతూ ఆడతాడు. నరసింహస్వామి ముఖానికి పూజ చేస్తారు. అది ధరించేవాడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. ముఖం తగిలించుకున్నాక అతనికి పూనకం వస్తుంది, నలుగురు పట్టుకోవాలి. చిన్నప్పుడు దగ్గరి పల్లెలో చూసి నేను భయంతో నాన్నగారి భుజం మీద ముఖం దాచుకున్నాను. కానీ తెల్లవారాక ముఖం తీసేస్తారు. పూజలన్నీ ఆ ముఖానికే. రాత్రి స్వామిగా ఊగిన మనిషి పొద్దున్నే పొలానికి పోతాడు. బీడీ కాల్చినా ఎవరూ తప్పు పట్టరు, అప్పు అడిగితే దేవుడని ఎవరూ ఇవ్వరు. చదువుకోని పల్లెవాళ్ళు పెట్టుకున్న ఈ కట్టుబాటు, టీవీ కొనుక్కున్న మనం ఎందుకో మరిచిపోయాం. టీవీలో ముఖం తీసి పక్కన పెట్టడం మనకు కనపడదు. బహుశా అదే కారణం కావచ్చు.

ముప్పై ఏళ్ళ పైబడి బ్యాంకులో ఉన్నవాణ్ణి కనుక నాకు తెలిసిన భాషలో చెబుతాను. బ్యాంకులో సేఫ్ కస్టడీ అని ఒక ఏర్పాటు ఉంది. ఖాతాదారు విలువైన వస్తువును సీలు వేసి మా దగ్గర ఉంచుతాడు, మేము రసీదు ఇస్తాము. ఆ వస్తువు మాది కాదు. వాడుకోకూడదు, పాడుచేయకూడదు, అడిగినప్పుడు ఇచ్చినట్టే తిరిగివ్వాలి. నటుడి దగ్గర పాత్ర కూడా ఇటువంటిదే. రాముడు గోవిల్ సొత్తు కాదు, రామారావుగారి సొత్తూ కాదు. తరతరాల జనం సొత్తు. కొన్నాళ్ళు ఒకరి చేతికి వచ్చింది. దాన్ని మర్యాదగా చూసుకోవడం వరకే అతని బాధ్యత. సిగరెట్టు మానేయడం అతని పెద్దమనసు. అయితే ఖాతాదారుకూ ఒక ధర్మం ఉంది. నగ బ్యాంకులో పెట్టాం కదా అని మేనేజరు భార్య మెడలో దాన్ని వెతకకూడదు. మా చిన్నాన్న చేసింది అదే.

జనానికి ఈ తేడా అసలు తెలియదని మాత్రం నేననను. సీతగా చేసిన దీపికా, రావణుడుగా చేసిన త్రివేది 1991లో గుజరాత్ నుంచి ఒకే పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచారు. అంటే ఓటేసినవాళ్ళకు రావణుడంటే కోపం లేదన్నమాట. నితీశ్ భరద్వాజ్ 1996లో జంషెడ్‌పూర్ నుంచి గెలిచారు. గోవిల్ 2024లో మీరట్ నుంచి గెలిచినా ఆధిక్యం పదివేల పైచిలుకు ఓట్లే. మన రామారావుగారిని 1983లో ముఖ్యమంత్రిని చేసిన ప్రజలే 1989లో ఓడించారు, 1994లో మళ్ళీ గెలిపించారు. దండం ఖాతా వేరు, ఓటు ఖాతా వేరు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కొంత బదిలీ అవుతుందేమో గాని, మొత్తం కాదు.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. అన్నదమ్ములు ఎనిమిది నెలల తర్వాత మామ్మ కాలు విరిగినప్పుడు ఆసుపత్రిలో కలుసుకున్నారు. మాటలు కలిశాయి గాని పాత చనువు రాలేదు. ఆదివారాలు చిన్నాన్న ఇంటికి వెళ్ళి కూర్చోవడం నాన్నగారు మళ్ళీ మొదలుపెట్టలేదు. 2011లో చిన్నాన్న పోయారు.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేయడం మొదలుపెట్టింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించుకుంది కూడా. బ్యాంకులకు సెలవు లేదు కనుక ఉదయం ప్రసారం నాకు కుదిరేది కాదు. రాత్రి తొమ్మిదింటికి వచ్చేది ఇంటిల్లిపాదీ చూసేవాళ్ళం. ఎనభైకి దగ్గర పడిన నాన్నగారు, ఏనాడూ గోవిల్‌ను రాముడిగా ఒప్పుకోని మనిషి, ఎనిమిదిన్నరకే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పక్కన ఇంటర్ చదివే మా అమ్మాయి.

ఒక రాత్రి అది అడిగింది: "తాతయ్యా, ఈయన నిజంగా కూడా మంచివాడేనా?"

నాన్నగారు వెంటనే జవాబు చెప్పలేదు. "ఇప్పుడెలా ఉన్నాడో ఆ ఫోనులో చూపించు" అన్నారు. ఆ రోజుల్లో అందరి ఫోన్లలోకీ వచ్చిన ఫొటో ఒకటి అమ్మాయి చూపించింది. అరుణ్ గోవిల్ తన ఇంట్లో కుటుంబంతో కూర్చుని టీవీలో రామాయణం చూస్తున్న ఫొటో అది. దాంతోపాటు ఇంకో వీడియో. అందులో వృద్ధుడైన అరవింద్ త్రివేది టీవీలో సీతాపహరణం చూస్తూ చేతులు జోడిస్తున్నారు. (ఆయన 2021 అక్టోబరులో కన్నుమూశారు.) నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని రెండూ చాలాసేపు చూశారు.

"అతనూ మనలాగే కూర్చుని చూస్తున్నాడన్నమాట" అన్నారు. కాసేపాగి మనవరాలితో, "మంచివాడో కాదో మనకెందుకమ్మా? తన చేతిలో పెట్టినదాన్ని మర్యాదగా మోశాడు. అది చాలు" అన్నారు.

తర్వాత నావైపు తిరిగి, "మీ చిన్నాన్న ఆ పటం ట్రంకు పెట్టెలో పెట్టాడు కదరా. ఉందేమో మీ పిన్నిని అడుగు" అన్నారు.

అడిగాను. ఉంది. లాక్‌డౌన్ సడలించాక వెళ్ళి తెచ్చాను. అద్దం పగిలింది గాని బొమ్మకేమీ కాలేదు. అది ఇప్పుడు మా దేవుడి గదిలో లేదు. ముందు గదిలో, చిన్నాన్న ఫొటో పక్కన ఉంది. నాన్నగారే అక్కడ పెట్టమన్నారు.