వైన్స్‌బెర్గు కోట - ఇల్లాండ్రు మోసిన బరువు

జర్మనీదేశపు నైరృతి భాగమున, హైల్‌బ్రోన్ నగరమునకు తూర్పున, ద్రాక్షతోటల నడుమ వైన్స్‌బెర్గు అను చిన్న యూరు కలదు. ఊరి చెంత గుట్టపై శిథిలమైన కోట యొకటి నిలిచియున్నది. దాని పేరు 'వైబెర్‌ట్రాయ్', అనగా 'స్త్రీల విశ్వాసము'. కోటకు రాజుల పేరు గాక స్త్రీల గుణము పేరైన విధమును సోదరీమణులకు విన్నవింతుము.

1140వ సంవత్సరమున మూడవ కాన్రాడు రాజు, తన శత్రువైన ఆరవ వెల్ఫు పక్షమున నున్న యీ కోటను ముట్టడించి డిసెంబరు మాసమున లోబరచుకొనెను. స్త్రీలు తమ భుజములపై మోయగలిగినది తీసికొని పోవచ్చునని యాతడు సెలవిచ్చెను. వారు సొమ్ములను, సామానులను విడిచి, భర్తలను వీపుల నెత్తుకొని గుట్ట దిగి వచ్చిరి! ఇది తగదని ఫ్రెడరికు ప్రభువు వాదించెను. రాజు పలికిన మాట మార్చరాదని కాన్రాడు వారిని పోనిచ్చెను. కొలోను నగరపు ప్రాచీన వృత్తాంతగ్రంథమున నీ కథ కలదు. ఇది కల్పితమను చరిత్రకారులును లేకపోలేదు.

ఆ గుట్టయే మరియొక యిల్లాలి దుఃఖమును గూడ చూచినది. 1525వ సంవత్సరమున, ప్రభువుల పీడనకు తాళలేక తిరుగబడిన రైతులు ఈస్టరు పండుగ దినములలో కోటను పట్టుకొనిరి. హెల్ఫెన్‌ష్టైన్ ప్రభువును చంపబోవునపుడు, మాక్సిమిలియను చక్రవర్తి కుమార్తెయగు నాతని భార్య మార్గరెట్టు చంటిబిడ్డతో మోకరిల్లి ప్రాణభిక్ష వేడెను. ఆమె మొర నాలకించినవారు లేరైరి. ప్రభువు ఈటెలకు బలియయ్యెను, కోట తగులబడెను.

తరువాత మూడువందల యేండ్లకు దానికి మంచిదినములు వచ్చెను. 1819 మొదలు ఈ యూర కాపురమున్న జుస్టీనుస్ కెర్నరు వైద్యుడు, కవి. చేరువనున్న లోవెన్‌ష్టైన్ కొండలలోని ప్రెవోర్స్ట్ పల్లెలో పుట్టిన ఫ్రెడరికె హౌఫె యను వ్యాధిపీడితురాలిని 1826 మొదలు కనిపెట్టి, ఆమె వృత్తాంతమును గ్రంథముగా వ్రాసినవా డాతడే. ఆయన ప్రోత్సాహమున స్త్రీల సంఘమొకటి యేర్పడి, కోటరాళ్ల ముక్కలు పొదిగిన యుంగరముల నమ్మి, చందాలు పోగుచేసి, శిథిలములను కాపాడెను.

ఒక సంగతి మనము గమనింపదగియున్నది. మొదటి యిల్లాండ్ర యుక్తి ఫలించుటకు రాజు మాట నిలుపుకొనుట కారణము. మార్గరెట్టు విశ్వాసము వారికంటె తక్కువదా? కాదు, ఆమెకు మాట యిచ్చినవారే లేరు. స్త్రీల గుణమును పొగడుట సులభము. వారికిచ్చిన మాటను నిలుపుకొనుటయే నిజమైన గౌరవము.