చలికి జారే పిల్లనగ్రోవి

ధనుర్మాసం. ఇంకా తెల్లవారలేదు. జనగామ జిల్లా దేవరుప్పులలో ఒక గుడి ముందు భజన మొదలవుతోందనుకోండి. హార్మోనియం పక్కన మీ స్నేహితుడు పిల్లనగ్రోవి పట్టుకుని కూర్చున్నాడు. నిన్న మధ్యాహ్నం రెండూ చక్కగా కలిశాయి. ఇప్పుడు మొదటి స్వరానికే పిల్లనగ్రోవి కిందికి జారింది. "సుతి చూసుకో బిడ్డా!" అన్నాడు ఒక తాత. పాపం, కుర్రవాడి ముఖం చిన్నబోయింది.

తప్పు అతనిదా? కాదు, చలిది!

పిల్లనగ్రోవిలో మోగేది వెదురు కాదు. వెదురు లోపలి గాలి. మనం ఊదిన గాలి రంధ్రం అంచుకు తగిలి, లోపలి గాలిని కదిలిస్తుంది. ఆ కదలిక గొట్టంలో అటూ ఇటూ పరుగెత్తుతుంది. ఎంత త్వరగా వెళ్ళి వస్తే సెకండుకు అన్ని ఎక్కువ కంపనాలు, అంత హెచ్చు శ్రుతి. వేలు ఎత్తితే దారి పొట్టిదవుతుంది. అందుకే శ్రుతి పెరుగుతుంది.

దారి మారకుండా వేగమే మారితే? గాలిలో ధ్వని వేగం 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సెకండుకు సుమారు 349 మీటర్లు. 15 డిగ్రీల వద్ద 340 మీటర్లే. కాబట్టి మధ్యాహ్నం సెకండుకు 500 కంపనాలు చేసిన స్వరం, తెల్లవారుజామున దాదాపు 487 మాత్రమే చేస్తుంది. 12 స్వరస్థానాలలో ఒక మెట్టుకు ఇది ఇంచుమించు సగం!

మరి హార్మోనియం ఎందుకు జారలేదు? అందులో శ్రుతిని నిర్ణయించేది ఇత్తడి రీడు. చలికి అది మారేది బహు స్వల్పం.

గట్టిగా ఊది సరిచేయవచ్చా? శ్రుతి కాస్త పెరుగుతుంది. మరీ గట్టిగా ఊదితే స్వరం ఒక్కసారిగా పై స్థాయికి ఎగిరిపోతుంది! అసలు మందు ఊపిరి వెచ్చదనం. ఊపిరిలోని తేమ ధ్వని వేగాన్ని కొద్దిగా పెంచుతుంది, బొగ్గుపులుసు వాయువు తగ్గిస్తుంది. ఆ రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. మిగిలేది వేడి. అందుకే వాయించే ముందు రంధ్రాలు మూసి, చప్పుడు కాకుండా లోపలికి కాసేపు ఊపిరి వదలాలి.

మీరే పరీక్షించండి. ఒకేలాంటి రెండు ఖాళీ దగ్గుమందు సీసాలు కడిగి ఆరబెట్టండి. లోపలికి నీళ్ళు పోకుండా ఒకదాన్ని చన్నీళ్ళలో, రెండోదాన్ని చెయ్యి తాళగలిగినంత వేడినీళ్ళలో అయిదు నిమిషాలు నిలబెట్టండి. తరువాత మూతి అంచు మీదుగా ఊదండి. మొదటి ఊదులోనే చెవిపెట్టి వినండి సుమా! ఏ సీసా హెచ్చు శ్రుతిలో పలికింది?

జవాబు దొరికాక మీ స్నేహితునికి చెప్పండి. రేపటి భజనలో అతను తల దించుకోనక్కరలేదు.