రౌటరు మూగనోము

రాత్రి చక్కగా పనిచేసిన రౌటరు తెల్లవారేసరికి మూగనోము పట్టింది. జనగామలో ఒక ఇల్లనుకోండి. అమ్మాయి ఉద్యోగపు దరఖాస్తుకు గడువు ఈ సాయంత్రమే. నాన్న పిన్నీసు పుచ్చుకుని రౌటరు వెనుక కన్నం వెదుకుతున్నాడు.

ఆగండి! ముందు దరఖాస్తును ఫోను హాట్‌స్పాట్‌తో పంపేయండి. కొత్త ఫర్మ్‌వేర్, అంటే రౌటరును నడిపే ప్రోగ్రాము, ఎక్కినప్పుడు ఒక్కొక్కసారి పాత అమరికలు చెరుగుతాయి. పిన్నీసు గుచ్చితే మిగిలినవీ తుడిచిపెట్టుకు పోతాయి.

దీపాలు చూడండి. ఎల్.ఓ.ఎస్. దీపం ఎర్రగా ఉంటే దోషం సాధారణంగా ఫైబరు తీగది. మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా లైన్‌మన్ రావలసిందే. ఎర్రగా లేదా? కనెక్షను ఇచ్చినవారిని పీపీపీఓఈ పేరు, పాస్‌వర్డు అడిగి, రౌటరు పేజీలో తిరిగి ఎక్కించండి. చాలా కనెక్షన్లకు అదే మందు. పాత ఫోను ఒక్కటే కలవనంటే, డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2కు దించి చూడండి.