సముద్రం అడుగున ఏడున్నరేళ్లు

రవాణా విమానం యుద్ధం చేయదు. మోస్తుంది. మనుషుల్ని, మందుల్ని, తిండిగింజల్ని, మందుగుండును. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన విమానాలు వందల్లో కూలాయి. కొన్నిటి జాడ నేటికీ లేదు. అది ఎక్కడి సంగతో అనిపించవచ్చు గానీ, యుద్ధమేమీ లేని 2016లో అలాంటి విమానమే ఒకటి మాయమై మన విశాఖపట్నంలో ఎనిమిది ఇళ్లను చీకటి చేసింది.

ఆ ఏడాది జూలై 22 ఉదయం 8.30కి చెన్నై పక్కనున్న తాంబరం నుంచి వైమానిక దళం వారి ఏఎన్-32 పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరింది. లోపల 29 మంది. అందులో ఎనిమిది మంది సైనికులు కారు, విశాఖలోని నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. యూనిఫాం లేకుండా డ్యూటీ మీద వెళ్తున్నవారు. ‘సైనిక విమానం’ అని పేపర్లో చదివినప్పుడు ఇలాంటివారు మనకు తట్టరు. 9.12కి, 23 వేల అడుగుల ఎత్తులో, విమానం ఎడమకు తిరిగి వేగంగా కిందికి జారుతూ రాడార్ నుంచి పోయింది.

ఓడలు, విమానాలు, జలాంతర్గామి కూడా వెతికాయి. మరి ఎందుకు దొరకలేదు? ప్రమాదంలో పడిన విమానం రేడియో సంకేతం పంపుతుంది. కానీ ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. నీళ్లలో బాగా నడిచేది శబ్దం ఒక్కటే, సెకనుకు సుమారు 1500 మీటర్లు, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా. అందుకే సముద్రాలు దాటే విమానాలకు, నీరు తగలగానే చాలా రోజులపాటు టిక్కు టిక్కుమనే చిన్న పరికరం పెడతారు. ఈ విమానానికి అది లేదు. మా దృష్టిలో అసలు బాధ ఇక్కడే ఉంది.

లోతు సంగతి మనకు తెలిసిన లెక్కలో చూద్దాం. 2019 సెప్టెంబర్ 15న, భద్రాచలం దిగువన కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగింది. ఎక్కడ మునిగిందో తెలుసు, లోతు రెండు మూడు వందల అడుగులు. అయినా ధర్మాడి సత్యం బృందం దాన్ని ఒడ్డుకు లాగేసరికి 38 రోజులు గడిచాయి. ఏఎన్-32 పడినచోట లోతు 3,400 మీటర్లు, అంటే పదకొండు వేల అడుగులు!

మనిషి ఏడేళ్లు అయిపులేకుండా పోతే చట్టం చనిపోయినట్టు భావిస్తుంది. ఇక్కడ అంతకాలం ఆగలేదు. రెండు నెలల్లోపే, 2016 సెప్టెంబర్‌లో, అందరూ మరణించినట్టు భావిస్తున్నామని ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. పింఛనుకైనా, బ్యాంకు పనికైనా ఆ ముక్క కావాలి. కానీ గోదావరి ఒడ్డున ఉండేవాళ్లం, మనకు తెలుసు. శవం దొరకనిదే ఇంట్లో దినాలు చేయడానికి మనసొప్పదు. కాగితం ఒక మాట, కన్నతల్లి మనసు ఇంకో మాట.

తర్వాత జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు, మనిషి లేకుండా అడుగుదాకా వెళ్లే యంత్రాన్ని, విమానం చివరిసారి కనబడిన చోట దింపారు. పైనుంచి పంపిన శబ్దం అంత లోతు వెళ్లి వచ్చేసరికి బొమ్మ మసకబారుతుంది, దగ్గరికెళ్తేనే స్పష్టం. అది తీసిన ఫోటోల్లో కనిపించిన శకలాలు ఏఎన్-32వే అని రక్షణ శాఖ 2024 జనవరి 12న ప్రకటించింది. ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయిన దాఖలా లేదని కూడా చెప్పింది. ఎందుకు కూలిందో మాత్రం ఫోటోలు చెప్పవు.