కదలని కారులో ప్రమాదం

1934లో అమెరికాలో టపా విమానాలు నడిపే పని సైన్యం నెత్తిన పడింది. మబ్బుల్లో, మంచులో మీటర్లను నమ్ముకుని నడపడం రాని పైలట్లు కొద్ది వారాల్లోనే పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాంతో సైన్యం ఎడ్విన్ లింక్ తయారుచేసిన పెట్టెలు ఆరు కొంది. లింక్ వాళ్ల నాన్నది ఆర్గాన్ వాద్యాల ఫ్యాక్టరీ. ఆ వాద్యాల్లో వాడే గాలి తిత్తుల్నే లింక్ ఉత్తుత్తి కాక్‌పిట్ కింద బిగించాడు. నేలమీద ఉండే పెట్టె విమానంలా ఒరిగేది, ఊగేది. ఎన్ని తప్పులు చేసినా ఎముక విరగదు.

వర్చువల్ రియాలిటీ కళ్లజోడుది కూడా ఆ వంశమే. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించిన తొలి పరికరాన్ని పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. అందులో కనబడేవి ఉత్త గీతల బొమ్మలు.

ఇలాంటి శిక్షణ ఇప్పుడు కార్ల విషయంలో ఎందుకు? 2015లో సెయింట్ లూయిస్ హైవే మీద ఓ జీప్ వెళ్తోంది. నడుపుతున్న విలేకరి, ప్రయోగానికి ముందే ఒప్పుకున్నవాడే. ఏసీ దానంతటదే జోరుగా వీచింది, రేడియో హోరెత్తింది, వైపర్లు ఆడాయి. తర్వాత యాక్సిలరేటర్ తొక్కుతున్నా బండి నెమ్మదించింది. భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ మైళ్ల దూరాన ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని చేసిన పని ఇది. పాటలు వినిపించే వ్యవస్థకున్న ఇంటర్నెట్ కనెక్షన్‌లోంచి దూరి, కారు లోపలి భాగాలు సందేశాలు పంపుకునే క్యాన్ నెట్‌వర్క్‌ను అందుకున్నారు. బాష్ సంస్థ 1986లో లోకానికి చూపిన ఈ క్యాన్‌లో, వచ్చిన సందేశం ఎవరు పంపారని అడిగే ఏర్పాటు లేదు. జీప్ తయారుచేసిన కంపెనీ 14 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించింది.

డ్రైవర్ లేని కారుకు ఇంకో బెడద, దాని కళ్లు. 2017లో అమెరికా పరిశోధకులు స్టాప్ బోర్డు మీద నలుపు తెలుపు స్టిక్కర్లు అతికిస్తే, బొమ్మల్ని గుర్తుపట్టే ప్రోగ్రామ్ దాన్ని వేగ పరిమితి బోర్డనుకుంది. ఈ మాట క్లాసులో చెబితే విద్యార్థి తలూపుతాడు, అంతే. కళ్లజోడు పెట్టుకుంటే కూడలి ఎదురొస్తుంది. తన కంటికి ఎర్ర బోర్డు, కెమెరా తెరపై వేరే బోర్డు, బ్రేకు పడదు. అసలు వర్చువల్ రియాలిటీ మీద డబ్బు ఖర్చు పెట్టదగ్గది ఈ రెండు చూపుల తేడా కోసమే అంటాను. ఇందుకు పనిముట్లూ ఉన్నాయి: 2017లో వచ్చిన ఉచిత సిమ్యులేటర్ కార్లా, దాన్ని కళ్లజోడులోకి తెచ్చిన కార్నెగీ మెలన్ వాళ్ల డ్రైవీఆర్. అయితే ఈ కళ్లజోడులో కళ్లు కదులుతున్నామంటాయి, చెవిలోపలి భాగం కాదంటుంది. కాబట్టి కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది. పాఠం పొట్టిగా ఉంటే మేలు.

డ్రైవర్ లేని వేమో టాక్సీలో వెనక కూర్చున్నవారికి బండిని పక్కకు ఆపమనే మీట ఉంది. ఆపాల్సింది మాత్రం ఆ కారే. కారే మోసపోయినప్పుడు ఆ మీటను ఎంత నమ్మాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఈ ఉత్తుత్తి రోడ్డు మీద సాధన చేయించవచ్చు.