అంబాసిడర్‌కు జీర్ణోద్ధరణ

పాత అంబాసిడర్ కారు ఆర్‌సీ పుస్తకంలో ఇంజన్ సామర్థ్యం అన్న చోట 1489 సీసీ అని ఉంటుంది. ఆ అంకెను ఎవరైనా లెక్క కట్టి చూసుకోవచ్చు. సిలిండర్ బోరు 73.025 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 88.9 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. లెక్క వేస్తే 1489 ఘన సెంటీమీటర్లు తేలుతాయి. కానీ నలభై యాభై ఏళ్లు తిరిగిన కారులో ఇంజన్ ఆ అంకె దగ్గరే ఆగి ఉండడం అరుదు. రింగులు రాసుకుని రాసుకుని సిలిండర్ గోడ అరుగుతుంది. ఆయిలు పైకెక్కి కాలి, సైలెన్సర్ లోంచి నీలిపొగ మొదలవుతుంది. అప్పుడు లేత్ షాపులో బోరు చేయిస్తారు. అరిగిన గోడ మళ్లీ గుండ్రంగా రావాలంటే కొంత లోహం చెక్కక తప్పదు. ఆ లెక్కను మెకానిక్కులు అంగుళంలో వెయ్యో వంతుల్లో చూస్తారు, దాన్ని ‘థౌ’ అంటారు. 40 థౌ దాకా బోరు చేసిన ఇంజన్‌ను మళ్లీ లెక్కిస్తే 1531 సీసీ వస్తుంది. పుస్తకం ఒక మాట చెబుతుంది, ఇనుము ఇంకో మాట చెబుతుంది. ఇంట్లో మూలపడిన పాత కారును ‘ఒరిజినల్ కండిషన్’కు తెస్తామని సరదాపడేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. ఈ రెండింటిలో ఏది ఒరిజినల్?

గుళ్ల విషయంలో మనకు జీర్ణోద్ధరణ అనే మాట ఎప్పటినుంచో ఉంది. శిథిలమైన రాయి తీసి కొత్త రాయి పెడతారు, కుంగిన స్తంభం విప్పి నిలబెడతారు, గుడి మాత్రం ఆ గుడే. శ్రీశైలం జలాశయం ముంపులో పడిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో కట్టినా దాన్ని ఎవరూ కొత్త గుడి అనలేదు. అంబాసిడర్‌కు కూడా ఈ మాటే నప్పుతుందని నా అభిప్రాయం. ఆ కారుకు తిరిగి వెళ్లడానికి ‘మొదటి రోజు’ అంటూ ఒకటి లేదు. దాని అసలు గుణం మరమ్మతుకు లొంగడం. కాబట్టి పాత అంబాసిడర్‌ను బాగుచేసేవాళ్లు కాపాడాల్సింది కూడా ఆ గుణాన్నే. షోరూమ్ మెరుపు వచ్చినా రాకున్నా నష్టం లేదు. ఇకముందు దాన్ని విప్పలేని, బిగించలేని స్థితికి తెస్తే మాత్రం, ఎంత తళతళలాడినా పని చెడినట్టే.

కారు చరిత్రే ఇందుకు మొదటి సాక్ష్యం. బిర్లాలు 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో హిందుస్తాన్ మోటార్స్ పెట్టారు. 1948లో అది కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాకు మారింది. బ్రిటన్‌లో మోరిస్ కంపెనీ 1956లో తెచ్చిన ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారే 1957–58 నాటికి ఇక్కడ అంబాసిడర్ అయింది. అంటే పుట్టుకలోనే అది ఇంకో కారు. తొలి బండ్లలో వాల్వులు సిలిండర్ పక్కన ఉండే పాతకాలపు ఇంజన్ ఉండేది. కొద్దికాలానికే దాన్ని తీసేసి, వాల్వులు పైన హెడ్డులో ఉండే బి-సిరీస్ ఇంజన్ పెట్టారు. ఈ 1489 సీసీ ఇంజనే బ్రిటన్‌లో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారునూ నడిపింది. మన ఊళ్లలో పెళ్లివారిని కుక్కి కుక్కి మోసిన బండికీ దానికీ అంత దగ్గరి చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఆ తర్వాత 1960ల్లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా వచ్చాయి. డీజిల్ ఇంజనూ వచ్చింది. 1992లో కంపెనీయే జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజన్‌ను ఈ బాడీలో కూర్చోబెట్టింది. 2014 మేలో ఉత్తర్‌పాడాలో తయారీ ఆగేదాకా రూపురేఖలు మాత్రం పెద్దగా మారలేదు. ఇంజన్ మారినా, గేరు రాడ్డు స్టీరింగ్ పక్క నుంచి కిందికి దిగినా, ముందు గ్రిల్లు ఎన్ని అవతారాలెత్తినా జనానికి అది అంబాసిడరే. మార్పును ఇంతగా ఇముడ్చుకున్న యంత్రం విషయంలో ఫలానా ఏడాది, ఫలానా తేదీన ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టడంలో చరిత్ర స్పృహ కంటే పటం కట్టించుకునే మోజే ఎక్కువ.

అన్ని పాత వాహనాలకూ ఇదే సూత్రం వర్తిస్తుందని చెప్పను. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరిచ్చాడు, చేతికి అందకముందే 1911లో కన్నుమూశాడు. ఆ తర్వాత కూడా అది వేడుకలకు తప్ప పెద్దగా బయటికి రాలేదు. దాని విలువంతా తయారైన నాటి పనితనంలో ఉంది కనుక, దాన్ని ఆ నాటి రూపానికి తేవడం న్యాయమే. దీనికి పూర్తిగా ఎదురు కొసన చైతన్యరథం ఉంది. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి ఊరూరా తిరిగిన ఆ బండి నిజానికి మార్పులు చేయించిన పాత షెవర్లే వ్యాను. దాన్ని ఎవరైనా పట్టుదలగా షెవర్లే కంపెనీ వదిలిన రూపానికి ‘పునరుద్ధరిస్తే’ మిగిలేది ఒక మామూలు వ్యాను. చరిత్ర మొత్తం ఆ మార్పుల్లోనే ఉంది. అంబాసిడర్ ఈ రెండో కోవకు చేరుతుంది. కాకపోతే దాని మార్పులు ఎవరో పేరున్న మనిషి చేయించినవి కావు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల టింకరింగ్ వాళ్లు, లేత్ పనివాళ్లు, వైరింగ్ వాళ్లు అవసరాన్ని బట్టి చేసినవి.

అసలు పరీక్ష బాడీ దగ్గర మొదలవుతుంది. లారీకి అడుగున నిడివైన ఇనుప చాసిస్ ఉంటుంది, పైనున్న తొట్టి దాని మీద కూర్చుంటుంది. అంబాసిడర్‌కు అలా విడిగా చాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా సాగే డొల్ల పెట్టెలు, స్తంభాలు, టాపు అన్నీ వెల్డింగుతో ఒకటై బరువు మోస్తాయి. గుడ్డు పెంకులాంటి నిర్మాణమిది. పెంకు పగలనంతవరకే బలం. ఇనుము తుప్పు పట్టడం ఒక చిన్న బ్యాటరీ పనిచేయడం లాంటిదే. సన్నటి నీటిపొర కింద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదులుతుంది, పక్కచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు సులువుగా పారుతుంది. అందుకే విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో తిరిగిన కారుకూ అనంతపురంలో తిరిగిన కారుకూ అడుగుభాగంలో తేడా కనిపిస్తుంది. పుట్టిన తుప్పు పోయిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పెయింటును బుడగలా పైకి లేపుతుంది. బుడగ కనిపించే సరికే లోపల పని సగం అయిపోయి ఉంటుంది. తలుపుల కింది డొల్ల పెట్టెల్లో చేరిన నీరు బయటికి పోక, రేకును లోపలి నుంచి తినేస్తుంది.

ఇక్కడే మెరుపుకూ మరమ్మతుకూ దారులు చీలతాయి. చిల్లు పడిన చోట పుట్టీ నింపి, రుద్ది, పెయింటు కొడితే కారు పెళ్లికొడుకులా తయారవుతుంది. కానీ పుట్టీ బరువు మొయ్యదు, తడిని లోపల బంధిస్తుంది కూడా. చిన్న అయస్కాంతం పట్టుకుని తలుపుల కింద జరిపి చూస్తే ఆ గుట్టు బయటపడుతుంది. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు. సరైన పద్ధతి కుళ్లిన రేకును మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్త రేకు వంచి అతకడం. అలా కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప రాడ్లు బిగించాలి. లేకపోతే చాసిస్ లేని ఆ పెంకు నడుమ కుంగిపోతుంది, తరువాత ఏ తలుపూ సరిగా పడదు. అతుకు మీద జింకు పూత వేస్తే, ఇనుముకంటే జింకు ముందుగా కరిగి ఇనుమును కాపాడుతుంది. ఇదంతా చేశాక పాత రేకు ఎంత మిగిలిందని లెక్క పెట్టుకుంటే కొన్ని కార్లలో మనసు కష్టపెట్టుకోవాల్సి వస్తుంది. అయినా కారు రూపమూ బలమూ పోలేదు. మళ్లీ ముప్పై ఏళ్ల తర్వాత ఆ రేకునూ కోసి అతకవచ్చు.

ఇంజన్ దగ్గర ‘ఒరిజినల్’ వాదానికి ఇంకా గట్టి దెబ్బ తగులుతుంది. ఎందుకంటే ఆ కారు తాగిన పెట్రోలే ఇప్పుడు లేదు. పూర్వం పెట్రోల్‌లో సీసం కలిపేవారు. అది ఇంజన్‌లో నాక్ రాకుండా ఆపడమే కాక, ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోట సన్నని పూతలా పేరుకుని మెత్తలా పనిచేసేది. బి-సిరీస్ హెడ్డులో ఆ సీటు పోత ఇనుములోనే చెక్కి ఉంటుంది. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చాక ఆ మెత్త పోయింది. ఎక్కువ వేడిలో, ఎక్కువ వేగంలో వాల్వు సీటును కొద్దికొద్దిగా తింటూ లోపలికి దిగుతుంది, టాపెట్ సందు మూసుకుపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది. దీనికి విరుగుడు హెడ్డును లేత్ షాపులో పెట్టి గట్టి లోహపు సీట్లు దిగగొట్టడం. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ది ఇంకో తంటా. ఇథనాల్ పాతకాలపు రబ్బరు పైపులను ఉబ్బించి పగలగొడుతుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో నీరు విడిపోయి అడుగున చేరవచ్చు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండడంవల్ల కార్బ్యురేటర్ ఇచ్చే మిశ్రమం పలచబడుతుంది, కనుక జెట్ కాస్త పెద్దది వేయాలి. పైపులు మార్చకుండా ‘కంపెనీ రబ్బరే ఉంచాం’ అని గర్వపడేవారి కారు ఒకనాడు వేడెక్కిన ఇంజన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. పాతది పాతదిగా బతకడానికే కొంత కొత్తది కావాలి.

అలాగైతే ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చా, జపాన్ ఇంజనూ ఏసీ పెట్టి, వెడల్పాటి చక్రాలు తగిలించినా జీర్ణోద్ధరణేనా అని అడగవచ్చు. ఇది న్యాయమైన అభ్యంతరం. దీనికి నేను రెండు కొలతలు పెట్టుకుంటాను. చేసిన మార్పును మళ్లీ వెనక్కి తీయగలమా? ఆ మార్పు తర్వాత కూడా కారును చేతి పనిముట్లతో, చూపుతో, చెవితో అర్థం చేసుకోగలమా? డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే నాలుగు బోల్టులు విప్పి వెనక్కి వెళ్లవచ్చు. సీటు బెల్టులదీ దాదాపు అంతే. ఇంకో ఇంజన్ కోసం బాడీలో గోడలు కోస్తే వెనక్కి రాలేం. ఇక రెండో కొలతకు వస్తే, అంబాసిడర్ బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ చుట్టూ చెయ్యి తిరిగేంత చోటుంటుంది. స్పార్క్ రాకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల మధ్య సందు చూడవచ్చు. కారణం కంటికి కనిపిస్తుంది, వేలికి తగులుతుంది. యంత్రం తన రోగాన్ని తానే చెప్పే ఈ గుణాన్ని ఒక నల్ల పెట్టె కోసం వదులుకుంటే మిగిలేది అంబాసిడర్ ముఖమున్న వేరే కారు. గట్టి సీట్లు దిగగొట్టడం వెనక్కి తీయలేని పనే కదా అంటే, అవును. దాన్ని మినహాయింపుగా ఒప్పుకుంటాను. అది చేయకపోతే హెడ్డే పోతుంది.

చట్టం వైపు నుంచి కూడా ఒక అభ్యంతరం ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని వాహనాలే వింటేజ్ వాహనాలు. వాటికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోజూ రోడ్డెక్కడానికి వీల్లేదు. ఇక్కడ ‘అసలు రూపం’ అన్న మాట నా వాదానికి అడ్డుపడుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఈ నిబంధన అడ్డుకునేది బాడీ కోసి ఇంజన్ మార్చే పనులను. కుళ్లిన రేకు తీసి అదే ఆకారంలో కొత్త రేకు అతకడాన్నీ, బోరు చేయించడాన్నీ కూడా పెద్ద మార్పుల కింద జమకడితే, యాభై ఏళ్లు నిజంగా నడిచిన కారు ఒక్కటీ ఆ గీత దాటదు.

కాలుష్యం విషయంలో మాత్రం పాతకార్ల ప్రేమికులు తరచూ చెప్పే ఒక మాట నాకు నచ్చదు. ఉన్న కారును వాడుకుంటే కొత్త కారు తయారీకి అయ్యే ఉక్కు, విద్యుత్తు ఆదా అవుతాయి కనుక ఇది పర్యావరణానికి మేలు అంటారు. సరదాకు అంబాసిడర్ బాగుచేసుకునే ఇంట్లో రోజువారీ పనికి ఇంకో కారు ఉండనే ఉంటుంది. ఆదా ఎక్కడ? కార్బ్యురేటర్ మిశ్రమాన్ని ఉజ్జాయింపుగానే కలుపుతుంది, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. కిలోమీటరుకు అది వదిలే కార్బన్ మోనాక్సైడ్, కాలని ఇంధనం 2020 తర్వాతి బీఎస్-6 కారుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. దీనికి ఉన్న నిజాయితీ గల జవాబు ఒకటే. అది ఏడాదికి తిరిగే దూరం తక్కువగా ఉండాలి. భద్రత సంగతీ అంతే. ఢీకొన్నప్పుడు ముడుచుకుపోయే ఏర్పాటు లేని స్టీరింగ్ దండం గుండెకు ఎదురుగా ఉంటుంది. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కనుక ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడెక్కి పట్టు సడలుతాయి. జాతీయ రహదారి మీద నేటి వేగాలతో పోటీపడే బండి కాదిది. మరమ్మతు గుణం నిలవాలంటే అది అప్పుడప్పుడు కదిలితే చాలు, ఇంజన్‌లో ఆయిలు తిరుగుతూ, బ్రేకు సిలిండర్లు బిగుసుకోకుండా ఉంటే చాలు.

మళ్లీ బోరు దగ్గరికి వస్తే, హెడ్డు విప్పినప్పుడు పిస్టన్ నెత్తి మీది మసి తుడిస్తే చాలాసార్లు ఒక అంకె కనిపిస్తుంది. అది 40 అనుకుందాం. ఆ సిలిండర్ మళ్లీ అరిగింది. ఇప్పుడు 60కి వెళ్లవచ్చు. అప్పుడు ఇంజన్ 1552 సీసీ అవుతుంది, ఆ పైన చెక్కడానికి గోడలో పెద్దగా లోహం మిగలదు. లేదా బోరును ఇంకా వెడల్పుగా తొలిచి, లోపల పోత ఇనుప స్లీవ్ దిగగొట్టి, మళ్లీ 73.025 మిల్లీమీటర్లకు తేవచ్చు. చూడబోతే ఇది ఆర్‌సీ పుస్తకంలోని 1489కి మొక్కుబడిగా తిరిగి వెళ్లడంలా ఉంటుంది. స్లీవ్ వెయ్యాలనే నేనూ అంటాను. అయితే నా కారణం ఆ అంకె కాదు. స్లీవ్ పడిన సిలిండర్‌లో మళ్లీ పదికీ, ఇరవైకీ, నలభైకీ చోటుంటుంది, అదీ అరిగితే దాన్ని లాగేసి ఇంకోటి దిగగొట్టవచ్చు.