దీర్ఘ మార్గనామములును, కార్యస్థానమును మార్చుకొను పద్ధతియును

శిడ్లఘట్ట తాలూకాలో జంగమకోట హోబళికి చెందిన యొక గ్రామమునకు దూరదేశమునుండి జాబు వ్రాయువారు రాష్ట్రము, జిల్లా, తాలూకా, హోబళి, గ్రామము, వీధి, గృహము అను క్రమమున చిరునామా నంతయు వ్రాయవలసియుండును. ఆ గ్రామమునందే నిలిచియున్నవారికి ఇంత ప్రయాస లేదు. "పడమటి వీధిలో మూడవ యిల్లు" అన్న చాలును. చెప్పవలసిన మాటల నిడివి చెప్పువారు నిలిచిన చోటునుబట్టి మారుచుండును. కంప్యూటరునందు దాచుకొన్న వ్రాతల విషయమున గూడ ఈ న్యాయమే వర్తించును. దానిని తెలిసికొనిన తెలుగువారికి, ముఖ్యముగా తెలుగు పేర్లతో వ్రాతలను భద్రపరచుకొను ఉపాధ్యాయులకు, ఒక చిక్కు తొలగిపోవును.

కంప్యూటరునందలి వ్రాతలు ఫైళ్ళు. వాని నుంచు అరలు డైరెక్టరీలు. తెరమీది బొమ్మలలో వీనినే ఫోల్డరు లందురు. ఒక అరలో మఱియొక అర, దానిలో ఇంకొక అర ఇమిడియుండవచ్చును. మొదటి మూలమునుండి గమ్యస్థానమువఱకు గల అరల పేర్లన్నియు వరుసగా, నడుమ వాలుగీతలతో వ్రాసినచో అది మార్గనామమగును. ఏ క్షణమునందైనను ఒక ప్రోగ్రాము ఏదో ఒక అరలో నిలిచి పనిచేయుచుండును. ఆ అరయే దాని కార్యస్థానము. ఇంగ్లీషువారు దీనిని వర్కింగ్ డైరెక్టరీ అందురు. వాలుగీతతో ప్రారంభమగు మార్గము మూలమునుండి లెక్కింపబడును. అట్లు కానిది కార్యస్థానమునుండి లెక్కింపబడును.

ఈ యేర్పాటు నిన్న మొన్నటిది కాదు. 1965లో డేలీ, న్యూమన్ అను నిరువురు మల్టిక్స్ అను వ్యవస్థకొఱకు అరలలో అరలుండు ఏర్పాటును వివరించుచు, కార్యస్థానమను భావమును గూడ నిరూపించిరి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్సు వ్యవస్థకు పునాది వేసిరి. దాని తొలిరూపమున వాలుగీతలతో గూడిన మార్గనామములే లేవు. కావలసిన అరలోనికి పోయి నిలిచి, అచ్చటి ఫైలును పేరుపెట్టి పిలువవలసినదే. కావున స్థానమును మార్చు "చ్‌డిర్" అను ఆదేశము ఆనాడు అత్యవసరమై యుండెను.

ఈ ఆదేశమును గూర్చి రిచీ తరువాతి కాలమున ఒక వినోదకరమైన విషయమును తెలిపియున్నాడు. ప్రతి ఆదేశమును నెరవేర్చుటకు ఒక పిల్లప్రక్రియను పుట్టించు పద్ధతి ప్రవేశపెట్టబడగానే చ్‌డిర్ పనిచేయుట మానివేసెను. కారణమేమన, పిల్లప్రక్రియ తాను క్రొత్త అరలోనికి పోయి, పని ముగియగానే అంతరించుచుండెను. దానిని పంపిన తల్లిప్రక్రియ మాత్రము ఉన్నచోటనే యుండెను. ఒకరికి బదులు మఱియొకరు నడచినచో మొదటివారు ఊరు చేరరు గదా! అందువలన ఆదేశములను స్వీకరించు షెల్ అను ప్రోగ్రామే ఈ యొక్క పనిని స్వయముగా చేయునట్లు దిద్దిరి. నేటి "సి.డి." అను ఆదేశము గూడ షెల్ తానే చేయునది.

ఇక నిడివుల సంగతి. యూనిక్సు చాలకాలము ఒక్కొక్క పేరునకు 14 బైట్లనే కేటాయించినది. 1983లో బర్కిలీనుండి వెలువడిన 4.2 బి.ఎస్.డి. దానిని 255కు పెంచినది. నేటి లినక్సు వ్యవస్థలో సామాన్యముగా ఒక పేరునకు 255 బైట్లు, ఒకసారి చెప్పు మార్గనామమునకు ముగింపు గుర్తుతో గూడ 4096 బైట్లు పరిమితి. ఇంతకు మించినచో "పేరు మిక్కిలి పొడవైనది" అను భావముగల సందేశము వచ్చి పని నిలిచిపోవును.

ఇచ్చటనే తెలుగువారు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయమొకటి కలదు. యూనికోడ్ లెక్కలో హల్లు ఒక చిహ్నము, గుణింతపు గుర్తు ఒక చిహ్నము, ఒత్తును కూర్చు పొల్లు వేఱొక చిహ్నము. యూటీఎఫ్-8 అను వ్రాతపద్ధతిలో ఒక్కొక్క తెలుగు చిహ్నమునకు 3 బైట్లు పట్టును. రోమను లిపి అక్షరమునకు ఒకటే బైటు. "శిడ్లఘట్ట" యను మాట కంటికి నాలుగు అక్షరములే. లెక్కకు 9 చిహ్నములు, 27 బైట్లు. దానినే రోమను లిపిలో వ్రాసిన 11 బైట్లు. "బాగేపల్లి"కి 27, "చింతామణి"కి 24, "చిక్కబళ్ళాపురం"నకు 42 బైట్లు కావలెను. ఈ కడపటి పేరు రోమను లిపిలో వాడుక ప్రకారము వ్రాసిన సరిగా 14 అక్షరములై, పూర్వపు యూనిక్సు కొలతలో ఇమిడియుండెడిది. తెలుగున దానికి మూడింతలు. నేటి 255 బైట్లలో 85 తెలుగు చిహ్నములకే చోటు కలదు.

ఇందు తెలుగునకు అన్యాయము జరిగినదని తొందరపడి తలపరాదు. యూటీఎఫ్-8ను 1992లో కల్పించినవారు రాబ్ పైక్, ఆ యూనిక్సు కర్తయైన కెన్ థాంప్సనే. దాని తొలిపేరునందే "ఫైలు వ్యవస్థకు క్షేమకరమైనది" అను అర్థము ఇమిడియుండెను. ఏ యితర లిపి అక్షరపు బైట్లలోను వాలుగీత బైటు ఎన్నడును కనబడకుండునట్లు దానిని రచించిరి. అందువలన తెలుగుపేరు మార్గమధ్యమున ముక్కలు కాదు. మూడు బైట్ల వ్యయము ఈ క్షేమమునకు, లోకమునందలి లిపులన్నియు ఒకేచోట ఇముడుటకు చెల్లించు మూల్యము.

అయినను పేరు నిరాకరింపబడినప్పుడు పలువురు చేయు పని యొకటి కలదు: తెలుగు పేర్లను చెఱిపి రోమను లిపిలో వ్రాయుట. ఇది నష్టకరము. "పాట", "పాత" అను రెండును సామాన్యముగ రోమను లిపిలో ఒకటే యగును. "కోట", "కోత" అనునవియు నంతే. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారేయణ యోగి తెలుగు తత్త్వములను సేకరించి దాచిన ఉపాధ్యాయుడు వాని పేర్లను ఇట్లు మార్చినచో, పది సంవత్సరముల పిమ్మట వెదకువారికి ఏది యేదియో తెలియదు. కన్నడదేశమున తెలుగు చదువుకొను పిల్లలకు తమ లిపి పాఠ్యపుస్తకమునకే గాని కంప్యూటరునకు తగదను భావము గూడ నాటుకొనును. వ్యాధి యొకటి, మందు మఱియొకటి కారాదు.

సరియైన మందు నడక. 4096 బైట్ల పరిమితి ఒక్కసారి పలుకు మార్గనామమునకే గాని, అర యుండు లోతునకు కాదు. ఈ భేదమే యిందు ప్రాణము. పొడవైన మార్గమును ఒకేసారి చెప్పక, సగము చెప్పి అచ్చటికి పోయి నిలిచి, అచ్చటినుండి తక్కిన సగము చెప్పినచో వ్యవస్థ అభ్యంతరపెట్టదు. లినక్సు వంటి వ్యవస్థలు కార్యస్థానమును పేరుగా గాక ఆ అరనే గుర్తుపెట్టుకొనును. కావున ఒక్కొక్క మెట్టు దిగుచు, పూర్తినామము 4096 బైట్లను దాటిన లోతునకైనను చేరవచ్చును. ప్రోగ్రాములు వ్రాయువారికొఱకు, తెఱచియుంచిన అరనుండి మార్గము లెక్కించు "ఓపెన్ఎట్" వంటి పిలుపులు 2008 నాటి పోసిక్స్ ప్రమాణమున చేరినవి.

సి.డి. ఆదేశమునందు ఒక సూక్ష్మము కలదు. షెల్ తాను నడచివచ్చిన పూర్తినామమును జ్ఞాపకముంచుకొని, క్రొత్తపేరును దానికి చేర్చి చూచును. వినియోగదారుడు చిన్నపేరే చెప్పినను, ఈ కూర్పు పరిమితిని దాటవచ్చును. అట్టి సందర్భమున సాధ్యమైనంతవఱకు దానిని కార్యస్థానమునుండి లెక్కించు పొట్టిమార్గముగా మార్చుకొనవలెనని పోసిక్స్ ప్రమాణము విధించుచున్నది.

నిత్యకృత్యమునకు ఉపకరించు సౌలభ్యములు మఱికొన్ని కలవు. రెండు చుక్కలు పై అరను సూచించును. సి.డి. తరువాత అడ్డగీత నుంచినచో వెనుకటి స్థానమునకు మరలవచ్చును. పేరులోని మొదటి అక్షరములను కొట్టి ట్యాబు మీటను నొక్కినచో షెల్ తక్కిన పేరును తానే పూరించును. దీర్ఘమైన తెలుగుపేరు టైపు చేయుశ్రమ ఇందువలన తగ్గును. పేరులో ఖాళీస్థలమున్నచో ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచవలెను. తఱచుగా పోవు లోతైన అరకు సింబాలిక్ లింకు అను చిన్న మాఱుపేరు కల్పించుకొనవచ్చును.

విండోసు పద్ధతి వేఱు. అచ్చట 260 చిహ్నములు మొత్తము మార్గమునకు చిరకాలపు పరిమితి. బైట్లు గాక 16 బిట్ల ప్రమాణములు లెక్కింపబడుటచే తెలుగు చిహ్న మొక్కటి ఒక్కటిగనే యుండును. "శిడ్లఘట్ట" 9, రోమను రూపము 11. ఇచ్చట తెలుగే పొట్టి! కాని కార్యస్థానపు పేరునకు గూడ ఈ పరిమితియే కలుగుటచే మెట్టుమెట్టుగా నడచినను లాభము లేదు. 2016లో విండోసు 10నందు దీర్ఘమార్గములకు అనుమతి కల్పింపబడినను, దానిని అమర్చుకొనవలెను. ప్రోగ్రాము గూడ అంగీకరింపవలెను. "సబ్‌స్ట్" అను ఆదేశముతో లోతైన అరకు ఒక డ్రైవు అక్షరమును కేటాయించుట సులభోపాయము. విండోసులో చెల్లిన 100 చిహ్నముల తెలుగుపేరు లినక్సు డిస్కుపై 300 బైట్లై నిరాకరింపబడునని గూడ గుర్తుంచుకొనవలెను.

పొట్టిమార్గమునకు మఱియొక గుణము కలదు. 2007లో కోలారు జిల్లానుండి చిక్కబళ్ళాపురము జిల్లా విడివడినప్పుడు శిడ్లఘట్ట, బాగేపల్లి, చింతామణి తాలూకాల పూర్తి చిరునామా లన్నియు మారినవి. గ్రామములోపల ఒక యింటినుండి మఱియొక యింటికి దారి మాత్రము మారలేదు. అట్లే పై అర పేరు మార్చినచో మూలమునుండి వ్రాసియుంచిన మార్గములన్నియు చెడిపోవును. లోపలి అరలలో ఒకదానినుండి మఱియొకదానికి వ్రాసిన మార్గములు చెక్కుచెదరవు.

కావున తెలుగు వ్రాతలను భద్రపరచువారు మూడు నియమములు పాటించుట మేలు. ఒక్కొక్క పేరును 85 చిహ్నములకు లోబడి, వీలైనచో 30కి మించకుండ ఉంచవలెను. పైయర చెప్పిన మాటను లోపలియర పేరునందు మరల చెప్పరాదు. "శిడ్లఘట్ట" అను అరలోపల "శిడ్లఘట్ట పదవ తరగతి ప్రశ్నపత్రములు" అనక "ప్రశ్నపత్రములు" అన్న చాలును. మార్గము దీర్ఘమైనప్పుడు పేరును మార్చుటకు ముందు స్థానమును మార్చి చూడవలెను. ఈ మూడింటిని పాఠశాలలో ఒక్క గంటలో నేర్పవచ్చును. నేర్చిన పిల్లలు తమ వ్రాతలకు తమ లిపిలోనే నిర్భయముగా పేర్లు పెట్టుకొందురు.